మగ్గం బాకీ నుంచి చదువు అప్పు దాకా

మన తాతలు కరీంనగర్, నల్గొండ, పాలమూరు ఊళ్ల నుంచి షోలాపూర్ వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది చేతిపని ఒక్కటే. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు మొదలైంది. కొందరు మిల్లుల్లో, కొందరు మగ్గాల కార్ఖానాల్లో కుదురుకున్నారు. పెళ్లికో, జబ్బుకో ఆసామి దగ్గర ముందే పైకం తీసుకుంటే, ఆ బాకీ తీరేదాకా వేరే కార్ఖానాకు పోవడానికి లేదు. ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపారు.

ఈ బాకీల బతుకు పిల్లలకు వద్దనే మనవాళ్లు చదువు వైపు చూశారు. పద్మశాలి శిక్షణ సంస్థ, కుచన్ ప్రశాల, బుర్లా మహిళా కళాశాల ఆ తపనతో వచ్చినవే.

కానీ పెద్ద చదువు రేటు మారింది. 1983లో మహారాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు లేని ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతి ఇచ్చింది. సీట్లు పెరిగాయి, ఖర్చు తల్లిదండ్రుల మీద పడింది. సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని ఒక పద్ధతి పెట్టింది. 2002లో టి.ఎం.ఎ. పై తీర్పుతో అది పోయింది. సర్కారు చదువూ చవగ్గా లేదు: 2016లో ఐఐటీల బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 90,000 నుంచి 2 లక్షలు అయింది. అయితే పేద పిల్లలకు మాఫీ ఉంది.

2001లో బ్యాంకుల విద్యారుణ పథకం వచ్చింది. 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. మనవాళ్లు సంతోషపడ్డారు. కానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుంటే, 10 శాతం సాధారణ వడ్డీ లెక్కన, చదువయ్యాక ఏడాది గడిచేసరికి వడ్డీయే 1,40,000. అప్పటికి ఉద్యోగం రాకపోతే? సంతకం చేసిన తండ్రి ఇంకా సాంచాల మీదే నిలబడి ఉంటాడు.

ఈ వడ్డీ భారం తగ్గించడానికే 2009లో కేంద్రం సబ్సిడీ తెచ్చింది. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, వృత్తి, సాంకేతిక కోర్సులకు చదువుకాలపు వడ్డీ సర్కారే కడుతుంది. 2024లో పీఎం విద్యాలక్ష్మి వచ్చింది. అయితే ఆదాయ పత్రం సకాలంలో ఇవ్వక సబ్సిడీ పోగొట్టుకున్న ఇళ్లు మనలో ఉన్నాయి.

అందుకే మన సంఘాలకు ఒక మనవి. సన్మానాల ఖర్చులో కొంత తగ్గించి, ప్రతి ఊళ్లో జూన్ నెలలో విద్యారుణ సహాయ కేంద్రం పెడదాం. కాలేజీకి గుర్తింపు ఉందా, మొత్తం ఫీజు ఎంత, నెల కిస్తు ఎంత అని సంతకానికి ముందే చూద్దాం. కిస్తు తప్పినవాళ్లు సిగ్గుపడి దాచొద్దు. బ్యాంకుకు పోయి గడువు అడగాలి, వెంట మనం పోదాం. ఆసామి బాకీ నుంచి బయటపడ్డ మనం పిల్లల్ని ఇంకో బాకీలో ఒంటరిగా వదలొద్దు.