తప్పును చూపిన తీరు

యంత్రము తప్పు చేసినదని చెప్పుట తేలిక. ఎదుటివారు స్వయముగ పరీక్షించుకొనునట్లు చెప్పుటయే కష్టము. అమెరికాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యులు థామస్ నైస్లీ 1994లో కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమములను కూడుచుండగా ఫలితములు పొసగలేదు. ఆయన వెంటనే ఎవరిని నిందింపలేదు. తన ప్రోగ్రామును, కంపైలరును, యంత్రభాగములను నెలల తరబడి ఒక్కొక్కటిగా పరీక్షించిరి. దోషము ఇంటెల్ వారి పెంటియం చిప్‌లోనే యున్నదని తేలెను.

అక్టోబరు 30న ఆయన కొందరికి పంపిన ఇ-మెయిల్‌లో ఒక్క లెక్క చాలినది: 1ని 824633702441చే భాగింపుడు, ఎనిమిది అంకెల తరువాత అన్నియు తప్పులే, పాత 486 చిప్‌పై సరిగనే వచ్చును. (మన విద్యార్థులు ‘లెక్క రాలేదు సార్’ అని ఊరకుందురు!) సామాన్యునికిది 27,000 ఏండ్లకొకసారి ఎదురగు పొరపాటని కంపెనీ వాదించెను. కాని ఆ లెక్కను ఎవరి బల్లపైనైనను క్షణములో చేసి చూడవచ్చును. డిసెంబరు 20న ఇంటెల్, కోరినవారికెల్ల చిప్ మార్చెదమని ప్రకటించెను. అందుకు 47.5 కోట్ల డాలర్లు లెక్కలో వ్రాసుకొనవలసివచ్చెను.