యాభై రెండు సొరంగాల దారి: ఒక సాపర్ చూసిన పసూబియో పర్వతం

మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. కొండదారి కనిపిస్తే చాలు, వాలు ఎంత, మలుపు ఎంత, వాన నీళ్ళు ఎటు పోతాయి అని మనసులో లెక్క మొదలవుతుంది. ఇది మాకు వదలని జబ్బు. 2018 సెప్టెంబరులో ఇటలీలో ఉద్యోగం చేస్తున్న మా అల్లుడు గారి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. ఆయన నన్ను వెనిస్, రోమ్ చూపిద్దామనుకున్నారు. నేను మాత్రం ఇంజనీర్ దళాలు చదువుకునే ఒక పాత రోడ్డు పేరు చెప్పాను. పసూబియో కొండ మీది యాభై రెండు సొరంగాల దారి అది.

ఆ దారి చరిత్ర మన సంఘ సభ్యులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. చివర్లో ఒక మనవి కూడా ఉంది. దయచేసి దాకా చదవండి.

ఆల్ప్స్‌కు ముందు నిలబడ్డ కొండలు

ఇటలీ ఉత్తర మైదానం నుంచి చూస్తే, మంచు ఆల్ప్స్ కంటే ముందు ఒక సున్నపురాతి కొండల వరుస కనిపిస్తుంది. వీటిని ప్రి-ఆల్ప్స్ అంటారు. మన హిమాలయాలకు ముందు పీర్ పంజాల్ నిలబడినట్టు అనుకోండి. ఎత్తు తక్కువే. పసూబియో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం చీమా పలోన్ 2,232 మీటర్లు. కానీ మైదానం పక్క నుంచే నిట్టనిలువుగా లేస్తాయి కాబట్టి పైనుంచి దృశ్యం అద్భుతం. దక్షిణంగా వెనెతో ప్రాంతపు పొలాలు, ఊళ్ళు చాపలా పరుచుకుని ఉంటాయి. ఉత్తరంగా తిరిగితే వరసలు వరసలుగా మంచు శిఖరాలు.

ఇక్కడి వారికి కొండ ఎక్కడం మనకు తీర్థయాత్ర లాంటిది. ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్ 1863లో టూరిన్ నగరంలో పుట్టింది. శిఖరాల కింద, కనుమల దగ్గర బాటసారులకు ‘రిఫూజియో’ అనే ఆశ్రయాలు ఉంటాయి. మన మాటల్లో కొండ సత్రాలు. వేడి సూప్, పొడి పక్క, తుఫాను వస్తే తలదాచుకునే గోడ, ఇంతే అక్కడి వైభవం. అయితే ప్రి-ఆల్ప్స్‌లో ఈనాడు విహారయాత్రికులు నడిచే దారుల్లో చాలా వాటిని వేసింది విహారం కోసం కాదు. వేసినవాళ్ళు సైనికులు.

1916: మైదానానికి తలుపు

ఇటలీ 1915 మే నెలలో ఆస్ట్రియా-హంగరీ మీద యుద్ధం ప్రకటించింది. అప్పటికి సరిహద్దు ఈ కొండల మీదుగానే ఉండేది. 1916 మే 15న ఆస్ట్రియన్లు ఈ కొండల మీద పెద్ద దాడి మొదలుపెట్టారు. వాళ్ళ ఆలోచన మన వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కొండ దిగి మైదానంలోకి వచ్చేస్తే, తూర్పున ఇసోంజో నది దగ్గర పోరాడుతున్న ఇటలీ ప్రధాన సైన్యానికి వెనకదారి తెగిపోతుంది. పసూబియో ఆ మైదానానికి తలుపు. జూలై మొదటి వారంలో జనరల్ అకిల్లే పాపా ఆధ్వర్యంలోని లిగూరియా బ్రిగేడ్ అక్కడ నిలబడింది. తలుపు తెరుచుకోలేదు.

ఆ తరువాత మొదలైంది అసలు కష్టం. మనలో సియాచిన్, కార్గిల్, తవాంగ్ చూసినవారికి నేను వివరించనక్కర్లేదు. పోస్టు పట్టుకోవడం ఒక రోజు పని, దాన్ని నిలబెట్టుకోవడం ప్రతిరోజు పని. పసూబియో పీఠభూమి మీద వేలమంది జవాన్లు. వాళ్ళకు తిండి, నీళ్ళు, కట్టెలు, మందుగుండు రోజూ పైకి చేరాలి. ఉన్నది ఒక్కటే బండి బాట, పేరు స్కారుబ్బి. అది కొంత మేర శత్రువు ఫిరంగులకు కనిపిస్తుంది. శీతాకాలంలో మంచు చరియలు దాన్ని మింగేస్తాయి. 1916-17 శీతాకాలం ఆల్ప్స్‌లో అసాధారణంగా మంచు కురిసిన కాలం. 1916 డిసెంబరు 13న ఇదే యుద్ధరంగంలో, ఇంకా ఉత్తరాన మార్మొలాదా పర్వతం మీద, ఒక్క హిమపాతం వందలమంది ఆస్ట్రియా సైనికుల్ని పొట్టన పెట్టుకుంది.

మంచుకు ఏ జెండా అయినా ఒకటే. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మన 19 మద్రాస్ బెటాలియన్ జవాన్లు పదిమంది అలాగే పోయారు. వాళ్ళలో ఒకరు కర్నూలు జిల్లా బిడ్డ.

రాతిలోంచి రోడ్డు

ఇటలీ ఇంజనీర్లకు దొరికిన జవాబు ఒక్కటే. శత్రువు కంటికి కనబడని దక్షిణపు వైపు నుంచి ఖచ్చర్లు నడిచే దారి వెయ్యాలి. అటువైపు ఉన్నది నేల కాదు, నిలువు బండలు, చీలికలు, సూది మొనల్లాంటి స్తంభాలు. బండను చుట్టి పోలేని చోటల్లా తొలుచుకుని పోవాలి.

1917 ఫిబ్రవరిలో, మంచు ఇంకా నిండా ఉండగానే, 33వ మైనర్స్ కంపెనీ పని మొదలుపెట్టింది. వారితోపాటు వందలాది మంది కార్మిక దళాల వాళ్ళు. కంపెనీ కమాండర్ లెఫ్టినెంట్ జుసెప్పే జప్పా. పథకం, పర్యవేక్షణల్లో మొదట కెప్టెన్ లెయోపోల్డో మొట్టి, తరువాత కెప్టెన్ కొర్రాడో పికోనె పనిచేశారు. అదే ఏడు నవంబరుకు దారి సిద్ధం. పొడవు 6,555 మీటర్లు. సొరంగాలు యాభై రెండు. ఆ మొత్తం పొడవులో సుమారు 2,300 మీటర్లు బండ కడుపులోనే. 1,216 మీటర్ల దగ్గర బొక్కెట్టా కాంపీల్యాలో మొదలై, ఒక దశలో 2,000 మీటర్లకు చేరి, 1,928 మీటర్ల దగ్గర పసూబియో ద్వారం అనే కనుమలో ముగుస్తుంది. సగటు వాలు 12 శాతం, అత్యధికం 22 శాతం. వెడల్పు రెండు మీటర్లకు పైనే. ఎందుకంటే బరువెత్తిన ఖచ్చర్లు నడవాలి కదా!

రోడ్డు పని తెలిసినవారు ఈ అంకెల్ని ఒక్కసారి మళ్ళీ చదవండి. పది నెలలు. నిలువు గోడ. యుద్ధం మధ్యలో.

మేము నడిచిన రోజు

మేం పొద్దున్నే స్కియో పట్నం దాటి కొండ కిందికి చేరాం. తలకు హెల్మెట్, నుదుటికి లైటు. అవి లేకుండా వెళ్ళకూడదు. లోపల కటిక చీకటి, పైనుంచి రాయి రాలవచ్చు. ప్రతి సొరంగం ముఖద్వారం దగ్గర దాని అంకె, పేరు రాసి ఉంటాయి. లోపల నేల తడి, గులకరాళ్ళు. అక్కడక్కడా గోడలో వెలుతురు కోసం, గాలి కోసం కిటికీలు కొట్టారు. ఆ కన్నంలోంచి తొంగి చూస్తే కింద లోయ. కడుపులో తిప్పింది.

“మావయ్యగారూ, మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కాసేపు కూర్చుందామా?” అని అల్లుడు గారు పది సొరంగాలకోసారి అడుగుతూనే ఉన్నారు.

“మోకాళ్ళ సంగతి తరవాత బాబూ, ఆ డ్రిల్లు గాట్లు చూడు” అన్నాను.

పందొమ్మిదో సొరంగం అన్నిటికంటే పొడవు, మూడు వందల మీటర్లు దాటుతుంది. ఇరవయ్యోది ఇంకా విచిత్రం. ఒంటరిగా నిలబడ్డ రాతి స్తంభం లోపల మరమేకులా గుండ్రంగా తిరుగుతూ పైకి వెళుతుంది. చుట్టూ తిరగడానికి చోటు లేకపోతే స్తంభంలోనే మెట్లెక్కినట్టు మలుపులు తిప్పారు. లోపల గోడకు చేయి ఆనించి కొంతసేపు నిలబడిపోయాను. రాతి మీద డ్రిల్లు గాట్లు ఇంకా ఉన్నాయి.

అక్కడ నాకు గుర్తొచ్చింది ఇటలీ కాదు.

1990ల మొదట్లో నేను హవల్దారుగా ఉన్నప్పుడు, మన ఉత్తర సరిహద్దులో ఒక పోస్టుకు బండి దారి వేస్తున్నాం. ప్లాటూన్‌లో శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడుండేవాడు. పాటలు బాగా పాడేవాడు. ఒక మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక పొగ తగ్గేదాకా ఆగి, గునపంతో పైబండను తట్టి చూశాను. గట్టిగానే పలికింది. లోపలికి వెళ్ళమన్నది నేనే. పావుగంటకు ఆ బండ దిగింది. విచారణ జరిగింది, నాది తప్పు కాదన్నారు. కాగితం మీద మాట అది. నా చెవికి ఆ గునపం చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

సామాను పట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళినవాణ్ణి నేనే. వాళ్ళమ్మ ఏడవలేదు. “ఆ రోడ్డు ఏ ఊరెల్తాది బాబూ?” అని అడిగింది. ఆ రోడ్డు ఏ ఊరికీ వెళ్ళదు. పన్నెండుమంది జవాన్లు కాపలా కాసే ఒక మంచు గుట్టకు వెళుతుంది. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియక తల దించుకుని వచ్చేశాను.

కనుమ మీది సత్రం

నాలుగున్నర గంటల తరువాత, మధ్యాహ్నానికి, యాభై రెండో సొరంగం దాటి వెలుతురులోకి వచ్చాం. ఎదురుగా జనరల్ పాపా పేరున్న రిఫూజియో. ఆయన 1917 అక్టోబరులో, తూర్పున బైన్సిజ్జా పీఠభూమి మీద ప్రాణం విడిచారు. యుద్ధకాలంలో ఈ కనుమ వెనక సైనికుల బ్యారక్‌లు ఎంత దట్టంగా ఉండేవంటే, జవాన్లు ఆ చోటుని ‘చిన్న మిలాన్’ అని ముద్దుగా పిలుచుకునేవారట. యుద్ధం తరువాత అక్కడే సత్రం వెలిసింది. బూట్లు గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికి వెళ్ళాం. మొక్కజొన్న పిండితో చేసే పొలెంతా పెట్టారు. మన సంకటికి తమ్ముడే అది.

తిన్నాక పైకి, పలోన్ శిఖరం వైపు నడిచాం. పక్కనే రెండు ‘పళ్ళు’ ఉన్నాయి. ఒకటి ఇటలీ పన్ను, ఒకటి ఆస్ట్రియా పన్ను. రెండు పక్షాల మైనర్లూ ఒకరి కింద ఒకరు సొరంగాలు తవ్వుకుని మందుపాతరలు పేల్చుకున్నారు. 1918 మార్చి 13న ఆస్ట్రియన్లు 50 టన్నుల పేలుడు పదార్థంతో ఇటలీ పన్ను కొనను ఎగరగొట్టారు. ఆ రాళ్ళు ఇంకా అలాగే చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆ మందుపాతర వల్ల సరిహద్దు ఒక్క మీటరు కూడా జరగలేదు. ఒకే కొండ మీద, ఒకే రకం పనివాళ్ళు, ఒకే విద్య. ఒకటి రాళ్ళగుట్టగా మిగిలింది, ఇంకొకటి దారిగా మిగిలింది. ఆ దారి మీద ఆ రోజు మాకు ఎదురైనవారిలో జర్మన్ మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ముత్తాతలు ఎవరి వైపు పోరాడారో ఎవరూ అడగరు. సన్నటి చోట ఒకరు ఆగి ఇంకొకరికి దారి ఇస్తారు, అంతే.

మన సాపర్ల దారులు

ఇటలీ కొండలకు మన సాపర్లు కొత్తవాళ్ళు కారు. రెండవ ప్రపంచయుద్ధంలో మన 4, 8, 10వ డివిజన్లు అక్కడ పోరాడాయి. అయితే వాళ్ళు పోరాడింది ప్రి-ఆల్ప్స్‌లో కాదు, చాలా దక్షిణాన ఉన్న అపెనైన్ కొండల్లో. 1944లో కసీనో దగ్గర 4వ డివిజన్ ఇంజనీర్లు న్యూజిలాండ్ వారితో కలిసి ఒక ఖచ్చర్ బాటను టాంకులు ఎక్కే రోడ్డుగా మార్చారు. ఆ డివిజన్‌లో మద్రాస్ సాపర్లు ఉన్నారు. అదే ఏడు ఫిబ్రవరి 24న 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ సుబేదార్ సుబ్రమణ్యం, తోటివారిని కాపాడడానికి మందుపాతర మీద పడి ప్రాణమిచ్చి జార్జ్ క్రాస్ పొందారు.

ఇక 1948 సంగతి ప్రతి మద్రాస్ సాపర్‌కూ కంఠస్థమే. జోజిలా కనుమ ఎత్తు పదకొండు వేల అయిదు వందల అడుగులు దాటుతుంది. అక్కడికి టాంకులు వస్తాయని శత్రువు కలలో కూడా అనుకోలేదు. మన సాపర్లు బాట వెడల్పు చేశారు, 7వ కావల్రీ స్టూవర్ట్ టాంకులు నవంబరు 1న కనుమ దాటాయి. టాంకుల ఫోటోలు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. గునపం పట్టినవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు?

పసూబియోలో కూడా ఇదే చూశాను. సొరంగాల్లో కొన్నిటికి అధికారుల పేర్లున్నాయి. డ్రిల్లు పట్టిన కార్మికుల పేర్లు నేను చదివిన పలకల మీద కనిపించలేదు. కానీ వాళ్ళ దేశం ఒక మంచి పని చేసింది. ఆ దారిని అలాగే ఉంచి, జనాన్ని నడవనిచ్చింది. నడిచిన ప్రతివాడూ గోడకు చేయి ఆనించి, ‘ఎవరు తొలిచారో’ అనుకుంటాడు. మన దారులు అలా కావు. చాలావాటి మీద ఇప్పటికీ కాన్వాయ్‌లు తిరుగుతూనే ఉన్నాయి, మామూలు మనిషి వెళ్ళలేడు. శ్రీకాకుళం నుంచి ఒక తల్లి వెళ్ళి చూడలేదు.

ఒక మనవి

అందుకే సభ్యులందరికీ ఈ మనవి. యుద్ధంలో పోయినవారి పేర్లు మన స్మారకాల మీద ఉన్నాయి. రోడ్డు వేస్తూ, వంతెన కడుతూ, మంచు తోడుతూ పోయిన మన తెలుగువాళ్ళ పేర్లు మీకు తెలిసినవి రాసి సంపాదకవర్గానికి పంపండి. సాపర్లే కానక్కర్లేదు, రోడ్డు పనుల్లో మనతో కలిసి పనిచేసిన కూలీలైనా సరే. పేరు, ఊరు, ఏ సంవత్సరం, అంతే చాలు. చోటు పేరు రాయకూడనిదైతే రాయొద్దు. కుటుంబసభ్యుల్ని అడిగి, వాళ్ళు సరేనంటేనే పంపండి. వచ్చే ఏటి సంచికలో ఒక పేజీ వారికి ఇద్దాం.

ఇటలీ నుంచి వచ్చాక నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆ తల్లి లేదు. అన్నగారు ఉన్నాడు. పసూబియో ఫోటోలు చూపించి, “మీ తమ్ముడు ఇలాంటి దారే వేశాడు, ఇప్పటికీ దాని మీదే మన పిల్లలకు రేషన్ వెళుతుంది” అని చెప్పాను. అమ్మ అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు అది. పాతికేళ్ళు ఆలస్యమైంది.

ఆయన అనుమతితో, మొదటి పేరు నేను సంపాదకవర్గానికి ఇచ్చాను. మిగతావి మీరు పంపాలి.

జైహింద్.