ఎవరి నవ్వు, ఎవరి సొత్తు?

హాస్యాన్ని గురించి రాయడం మన విమర్శకులకు అంతగా అలవాటు లేదు. కరుణరసానికి వేసిన పెద్దపీట హాస్యానికి వెయ్యం. కార్టూన్ల మాట వస్తే మరీను. పత్రిక తిరగేస్తూ చూసి, నవ్వుకుని, మరిచిపోయే వస్తువుగానే వాటిని లెక్కగడతాం. కాని లక్షలాది మంది ఒకే బొమ్మను చూసి ఏళ్ల తరబడి నవ్వారంటే, ఆ నవ్వు వెనక ఆ కాలపు జీవితం కొంత ఉండి తీరుతుంది. దాన్ని పట్టించుకోకపోతే చరిత్రలో ఒక భాగాన్ని మనం చదవకుండా వదిలేసినట్టే.

ఈ వ్యాసానికి నేను ఎంచుకున్నది 'హోమ్‌స్టార్ రన్నర్' అనే అమెరికన్ కార్టూను ధారావాహిక. ఇది సినిమాహాలుకో టెలివిజన్‌కో తీసింది కాదు. ఇంటర్నెట్ మీదే పెరిగింది, అక్కడే పేరు తెచ్చుకుంది. దీన్ని జనం ఎందుకు అంతగా ఇష్టపడ్డారు అన్నది మొదటి ప్రశ్న. దాన్ని నిలబెట్టిన సాధనమే చచ్చిపోయినప్పుడు ఏం జరిగింది అన్నది రెండో ప్రశ్న. రెండోదానికి జవాబు చూస్తే తప్ప మొదటిదానికి జవాబు పూర్తి కాదని నా అభిప్రాయం.

ముందు పుట్టుక సంగతి. 1996లో, ఒలింపిక్ క్రీడలు జరిగిన ఏడాది, అట్లాంటా నగరంలో మైక్ చాప్‌మన్, క్రెయిగ్ జోబెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు సరదాకి పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి రాశారు. పేరు కూడా సరదాగా వచ్చిందే. ఓ మిత్రుడు బేస్‌బాల్ ఆటకు సంబంధించిన మాటను తప్పుగా పలికాడు. ఆ తప్పే నాయకుడి పేరైంది. పుస్తకాన్ని జిరాక్సు తీయించి కొద్ది ప్రతులు తయారు చేసుకున్నారు, అంతే. ప్రచురణకర్త లేడు, పెట్టుబడి లేదు. తర్వాత మైక్, అతని తమ్ముడు మ్యాట్ కలిసి కంప్యూటరు మీద బొమ్మలు కదిలించడం సొంతంగా నేర్చుకున్నారు. 2000 జనవరి 1న తమ వెబ్‌సైటు తెరిచారు.

ఇద్దరు అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని కదిలే బొమ్మలు తీయడం అంతకు ముందు తరానికి ఊహకందని పని. కదిలే బొమ్మ అంటే స్టూడియో, వందలాది చిత్రకారులు, కోట్ల పెట్టుబడి. ఆ గోడను పగలగొట్టింది 'ఫ్లాష్' అనే సాఫ్ట్‌వేర్. అప్పట్లో ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీద నడిచేది. ఒక్క ఫొటో తెరుచుకోవడానికే నిమిషాలు పట్టేది. ఇక వీడియో మాట ఎత్తేవాళ్లే తక్కువ. ఫ్లాష్ చేసిన పని ఏమిటంటే, బొమ్మను చుక్కలు చుక్కలుగా పంపకుండా, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ రంగు పూయాలో, ఎటు కదలాలో ఆ లెక్కను మాత్రం పంపేది. బొమ్మను చూసేవాడి కంప్యూటరే గీసుకునేది. అందుచేత బొమ్మల కథ కూడా ఆ సన్నని తీగలో పట్టింది. ఉత్పత్తి సాధనం మామూలు మనిషి చేతికి అందినప్పుడు కళ స్వరూపం ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఆ దశాబ్దంలో కనిపించదు.

ఇక కథాలోకం. అదొక పేరుకే దేశమైన చిన్న ఊరు. హోమ్‌స్టార్ ఆటగాడు, మంచివాడు, బుర్ర తక్కువవాడు. అతనికి చేతులు కనిపించవు, అయినా వస్తువులు పట్టుకుంటాడు. మల్లయోధుడి ముసుగు, చేతులకి బాక్సింగు తొడుగులు ఉన్న స్ట్రాంగ్ బ్యాడ్ ప్రతినాయకుడు. ఊరికి ఒక రాజు ఉన్నాడు. అతనికి తిండి ధ్యాస తప్ప అధికారం ఏమీ లేదు. మాట సరిగ్గా పలకలేని ఆటల కోచ్, బడ్డీకొట్టు నడిపే బబ్స్, దిగులుతో కుంగిపోయే తమ్ముడు స్ట్రాంగ్ శాడ్, ఇలా పదీ పన్నెండు మంది. మగపాత్రల గొంతులు దాదాపు అన్నీ మ్యాట్ చాప్‌మన్‌వే.

నాయకుడు హోమ్‌స్టారే అయినా జనం మనసు దోచుకున్నది స్ట్రాంగ్ బ్యాడ్. ఇది గమనించదగిన విషయం. అతను తనను తాను మహా దుర్మార్గుడిని అనుకుంటాడు. బెదిరిస్తాడు, గొప్పలు చెప్పుకుంటాడు, ఎదుటివాడిని తీసిపారేస్తాడు. కాని అతని పన్నాగం ఏదీ పారదు. అతనికి భయపడేవాడు ఊళ్లో ఎవడూ లేడు. నిజజీవితంలో మనల్ని అదిలించే మనుషులుంటారు. ఆఫీసులో పైవాడు, బడిలో రౌడీ కుర్రాడు, ఏమీ తెలియకుండానే అన్నీ తెలిసినట్టు మాట్లాడే పెద్దమనిషి. వాళ్ల డాంబికం స్ట్రాంగ్ బ్యాడ్ దగ్గర పుష్కలంగా ఉంది. వాళ్ల చేతిలోని అధికారం మాత్రం లేదు. అధికారం ఊడదీసి చూస్తే డాంబికం ఎంత నవ్వులాటగా ఉంటుందో అతన్ని చూసి తెలుసుకుంటాం. మన పగటివేషగాళ్లు దొరవేషం కట్టి ఊరి దొర ఎదుటే జనాన్ని నవ్వించడంలో ఉన్నది ఇదే కిటుకు. అభిమానుల ఆనందానికి ఇది మొదటి కారణం.

రెండో కారణం ఉత్తరాలు. 2001లో స్ట్రాంగ్ బ్యాడ్ చూసేవాళ్ల ఈ-మెయిళ్లకు జవాబులివ్వడం మొదలుపెట్టాడు. నిజంగా జనం రాసిన ఉత్తరాలే. అతను పాత కంప్యూటరు ముందు కూర్చుని, ఆ బాక్సింగు తొడుగులతోనే టకటకా కొడుతూ, రాసినవాడి అక్షరదోషాల్ని ఎత్తిపొడుస్తూ జవాబు చెబుతాడు. ఆ జవాబు ఒక చిన్న కథగా సాగుతుంది. ఇలాంటివి రెండు వందలు దాటాయి. సోమవారం వస్తే కొత్త జవాబు కోసం ఎదురుచూడడం ఒక తరానికి అలవాటైంది.

ఉత్తరం రాసి పత్రికలో జవాబు చూసుకునే సంతోషం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' శీర్షిక దశాబ్దాల పాటు నడిచింది. అది జీవిత సమస్యలకు సలహా చెప్పే శీర్షిక, ఇది వెక్కిరింత. దేని పని దానిదే. కాని రెండింటిలోనూ పాఠకుడికి ఒక స్థానం ఉంది. తాను అడగకపోతే ఆ వారం ఆ సంగతి రాదు. చూసేవాడు వినియోగదారుడుగా మిగిలిపోకుండా కథలోకి ఒక కాలు పెడతాడు.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. 2003లో వచ్చిన ఒక ఉత్తరానికి జవాబుగా స్ట్రాంగ్ బ్యాడ్ డ్రాగన్ బొమ్మ గీయడం నేర్పుతాడు. ఇంగ్లీషు 'ఎస్' అక్షరం గీసి, దానికి పళ్లు పెట్టి, వీపుమీద కండలు తిరిగిన చెయ్యి ఒకటి అతికిస్తాడు. దానికి 'ట్రోగ్డోర్' అని పేరు. గడ్డికప్పు గుడిసెల్ని, పల్లెటూరి జనాన్ని తగలబెట్టడం దాని పని. ఆ పిచ్చిబొమ్మ అభిమానుల నోట పాటై, 2006లో 'గిటార్ హీరో 2' అనే వీడియో ఆటలోకి కూడా ఎక్కింది. అంతకుముందే 2004లో చాప్‌మన్ సోదరులు మరో ఆట తయారు చేశారు. అందులో కథానాయకుడు డ్రాగన్ చేత గుడిసె కాల్పించుకున్న పల్లెటూరి కుర్రాడు. పగ తీర్చుకోవడానికి బయలుదేరతాడు. వేళాకోళానికే అయినా కథ ఇల్లు కాలినవాడి వైపు నుంచి సాగింది. ఎవరో ఒక పాఠకుడు అడిగిన ఒక్క ప్రశ్న ఇంత దూరం ప్రయాణం చేసింది.

మూడో కారణం పరిచయం. ఈ కార్టూన్లలో తెరమీద అక్కడక్కడ నొక్కితే దాగి ఉన్న చిన్న చిన్న చమత్కారాలు బయటపడతాయి. పాత మాట ఒకటి ఏడాది తర్వాత మళ్లీ వస్తుంది. మొదటిసారి చూసినవాడికి సగమే నవ్వొస్తుంది. నాలుగేళ్లుగా చూస్తున్నవాడికి పూర్తిగా వస్తుంది. అభిమానులు సొంతంగా ఒక వికీ పెట్టుకుని ప్రతి కార్టూనులోని సంభాషణను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు, దాగినవన్నీ నమోదు చేసుకున్నారు. మన పల్లెల్లో ఒకే నాటకాన్ని పదిసార్లు చూసినవాళ్లు పద్యం ఎత్తుకోకముందే తలూపడం తెలియనివాళ్లెవరు? ఇది అదే జాతి రసికత.

నాలుగో కారణం ఆర్థికం. నా దృష్టిలో ఇది ముఖ్యమైనది. ఈ వెబ్‌సైటులో ప్రకటనలు లేవు. చూడడానికి రుసుము లేదు. టీ షర్టులు, డీవీడీలు, బొమ్మలు అమ్మి ఆ డబ్బుతోనే అన్నదమ్ములు పూర్తికాలం ఇదే పనిగా బతికారు. టెలివిజన్‌కి రమ్మన్న పిలుపుల్ని కాదన్నారు. టీ షర్టు మాత్రం సరుకు కాదా అని ఎవరైనా అడగవచ్చు. సరుకే. కాని ఒక తేడా ఉంది. ప్రకటనల మీద బతికే వినోదంలో అమ్ముడుపోయేది చూసేవాడి కళ్లు. కొనుక్కునేవాడు మూడో మనిషి. ఇక్కడ మూడో మనిషి లేడు. చేసేవాడికీ చూసేవాడికీ మధ్య లెక్క సూటిగా ఉంది. ఎవరి మెప్పు కోసమూ జోకు చల్లార్చుకోవలసిన పని లేకపోయింది. ఆ స్వేచ్ఛ అభిమానులకు మాటల్లో తెలియకపోయినా నవ్వులో తెలిసింది.

అంతమాత్రాన దీన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఈ కార్టూన్లు ఊపుమీదున్న కాలంలోనే అమెరికా 2001లో అఫ్గానిస్తాన్ మీద, 2003లో ఇరాక్ మీద యుద్ధానికి వెళ్లింది. ఈ ఊళ్లోకి ఆ వార్త దాదాపు చేరలేదు. ముఖ్యమైన పాత్రల్లో స్త్రీ ఒక్కతే, మార్జిపాన్. మరో సంగతి ఉంది. ఈ ఊళ్లో నిత్యం ఒళ్లు వంచి పనిచేసేవాడు రాజుగారి కోటలో పెంట ఎత్తిపోసే మనిషి. అతను మౌనవ్రతంలో ఉంటాడు. రచయితలు ఆలోచించి చేశారో లేదో గాని, శ్రమచేసేవాడికే మాట లేకపోవడం ఆ లోకాన్ని గురించి చాలా చెబుతుంది. అధికారం లేని డాంబికాన్ని చూసి నవ్వించడం తేలిక. అధికారం ఉన్న డాంబికాన్ని చూసి నవ్వించడం కష్టం, ప్రమాదం. ఈ ధారావాహిక మొదటి మెట్టు దగ్గరే ఆగింది. ఆ మెట్టు మీద మాత్రం నిజాయితీగా నిలబడింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 2010 తర్వాత కొత్త కార్టూన్లు రావడం ఆగిపోయింది. అన్నదమ్ములు టెలివిజన్ పనుల్లో పడ్డారు. 2014 ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి వచ్చింది. ఆ తర్వాత అప్పుడప్పుడు వస్తూ వచ్చాయి. ఈలోగా అసలు ప్రమాదం మరోవైపు నుంచి వచ్చింది. ఈ బొమ్మలన్నీ ఫ్లాష్ మీద కట్టిన ఇల్లు. ఆ నేల అన్నదమ్ములది కాదు, అభిమానులది అంతకన్నా కాదు. 1996లో ఒక చిన్న కంపెనీ నుంచి దాన్ని మాక్రోమీడియా కొన్నది. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొన్నది. 2007లో వచ్చిన ఐఫోన్ దాన్ని లోపలికి రానివ్వలేదు. భద్రతా లోపాలు ఎక్కువనీ, బ్యాటరీ తినేస్తుందనీ విమర్శలు వచ్చాయి. వాటిలో నిజం లేకపోలేదు. చివరికి 2017లో అడోబీ ఫ్లాష్‌ని ఆపేస్తున్నామని ప్రకటించింది. 2020 డిసెంబర్ 31తో మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్‌లో ఉన్నదేదీ ఆ కంపెనీ ప్లేయరులో ఆడకుండా పోయింది.

ఇరవై ఏళ్లపాటు ఎందరో గీసిన బొమ్మలు, ఆటలు, పాటలు ఒక కంపెనీ నిర్ణయంతో చీకట్లో పడే పరిస్థితి వచ్చింది. తాళపత్రాన్ని చెదలు తినాలంటే ఏళ్లు పడుతుంది. ఇక్కడ ఒక తేదీ చాలింది.

కాపాడిందెవరు? సొంత సమయం వెచ్చించిన ప్రోగ్రామర్లు. ఫ్లాష్ లేకుండానే ఫ్లాష్ బొమ్మల్ని ఆడించే 'రఫుల్' అనే పనిముట్టును తయారుచేసి, దాని మూలాన్ని అందరికీ తెరిచి పెట్టారు. 'ఫ్లాష్‌పాయింట్' పేరుతో మరికొందరు పాత ఆటల్ని, బొమ్మల్ని వేలకు వేలుగా పోగుచేసి దాచారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయం 2020 నవంబరులో తన ఫ్లాష్ భాండారాన్ని తెరిచింది. హోమ్‌స్టార్ రన్నర్ కూడా రఫుల్ సాయంతో మళ్లీ కదిలింది. ఎక్కడ నొక్కితే అక్కడ దాగిన జోకు మళ్లీ బయటపడింది.

అభిమానులు ఎందుకు ఆనందించారు అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉంది. అది తమదని అనుకున్నారు. తమకు అమ్మిన వస్తువు పాడైతే మనిషి కొత్తది కొనుక్కుంటాడు. తమదనుకున్న వస్తువు పాడైతే కూర్చుని బాగుచేసుకుంటాడు. ఉత్తరం రాసినవాడు, సంభాషణ ఎత్తి రాసుకున్నవాడు, రాత్రి మేలుకుని ప్రోగ్రాము రాసినవాడు ముగ్గురూ ఒకే వరసలోని మనుషులు.

ఇందులో మన పని కూడా ఉంది. 1990ల చివర, 2000ల మొదట్లో తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌కి ఎక్కినప్పుడు ఎవరి ఫాంటు వారు పెట్టుకున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు పేజీ అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపించేది. తర్వాత యూనికోడ్ స్థిరపడింది. పాత పేజీల్ని మళ్లీ చదివించడానికి 'పద్మ' వంటి మార్పిడి పనిముట్లు కావలసి వచ్చాయి. వాటిని చేసిపెట్టింది భాష మీద మమకారం ఉన్న మనుషులే. మన భాష ఒకసారి ఈ దెబ్బ తిన్నది. అయినా ఇవాళ తెలుగు హాస్యంలో ఎంతో భాగం పరాయి కంపెనీల అరుగుల మీద కూర్చుని ఉంది. ఆ అరుగు యజమాని ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవాలి.

కాబట్టి రచయితలకీ, బొమ్మలు గీసేవాళ్లకీ నేను చెప్పదలచిన మాట ఒకటే. మీ పనికి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి, అందరూ తెరవగలిగే రూపంలో ఉంచుకోండి. గ్రంథాలయాలు పుస్తకాల్ని దాచినట్టే వీటినీ దాచాలని మన సంఘాలు అడగాలి. పాఠకులు తమదనుకునే నవ్వును పుట్టించడం రచయిత వంతు. దాన్ని కాపాడుకునే ఏర్పాటు చేసుకోవడం మనందరి వంతు.