కాగితముమీద నిలిచిన గోపురము

1956వ సంవత్సరము అక్టోబరు మాసములో చికాగో పట్టణమందలి యొక హోటలులో ఇరువది అడుగులకు మించిన పటమొకటి జనుల యెదుట నిలుపబడెను. దానిని గీయించినవాడు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను వాస్తుశిల్పి. అప్పటికి ఆయన వయస్సు 89 ఏండ్లు. పటములోని గోపురపు ఎత్తు ఒక మైలు, అనగా 5,280 అడుగులు, అంతస్తులు 528. ఆనాడు లోకములోకెల్ల ఎత్తయిన న్యూయార్కు ఎంపైర్ స్టేట్ భవనము 1,250 అడుగులే. అట్టివి నాలుగు ఒకదానిపై నొకటి నిలిపినను దీని కొన అందదు.

ఇట్టి మాట వినగానే బోధకులమైన మేము "బాబెలు!" అందుము. నేనును ఎన్ని ప్రసంగములలో అట్లనియుంటినో! అయితే షీనారు మైదానములోని దోషము ఎత్తులో లేదు, పేరు సంపాదించుకొన గోరుటలో నున్నది. రైట్‌కు పేరుపై ఆశ లేదని నేననను. అది మెండుగనే యుండెను. కాని యీ గోపురపు విత్తనము పడినది ఒక దేవాలయపు ఆవరణలో.

రైట్ తండ్రి బాప్తిస్టు బోధకుడు. 1920ల చివర న్యూయార్కులోని సెయింట్ మార్క్స్ దేవాలయపు గురువగు విలియం నార్మన్ గథ్రీ, సంఘమునకు రాబడి కలుగునట్లు దేవాలయ స్థలములో అద్దెయిండ్ల గోపురములు కట్టనెంచి, స్నేహితుడైన రైట్‌ను పిలిచెను. (సంఘపు స్థలములో అంగళ్లు కట్టుదమా వద్దా యని తర్కించు కమిటీలలో కూర్చున్నవారికి ఈ కథ క్రొత్తది కాదు.) రైట్ చెట్టును చూచి నమూనా గీచెను. నడుమ కాంక్రీటు మాను. అది తల్లివేరువలె భూమిలోనికి లోతుగా దిగును. అంతస్తులు కొమ్మలవలె ఆ మానునుండియే వెలుపలికి చాచుకొనును. వెలుపలి గోడలు బరువు మోయవు గనుక వాటిని గాజుతో నింపవచ్చును. ఇంతలో 1929లో ఆర్థిక మాంద్యము వచ్చి పనియంతయు ఆగిపోయెను. ఆ తలంపు 1956లో ఓక్లహోమా రాష్ట్రమందలి బార్టిల్స్‌విల్‌లో, 19 అంతస్తుల ప్రైస్ టవరుగా తుదకు లేచెను. అదే యేట ఆయన మైలు గోపురమును గీచెను!

పట్టణపు ఇరుకును రైట్ సహింపలేడు. జనులనందరిని కొద్ది గోపురములలో చేర్చినయెడల క్రింది నేల పచ్చగా విడువబడునని ఆయన ఆశ. లక్షమందికి చోటు, అణుశక్తితో నడచు 76 లిఫ్టులు ఏర్పరచెను.

చిక్కంతయు ఈ లిఫ్టులలోనే యున్నది. అంతస్తులు పెరిగినకొలది ఎక్కువారు పెరుగుదురు, వారికి గొట్టములు పెరుగును, అవి క్రింది అంతస్తులను మ్రింగివేయును. ఉక్కుత్రాడు పొడవైనకొలది దాని బరువు దానికే భారమగును. పైన గాలికి ఊగు గదిలో కడుపు త్రిప్పును. నాలుగువందల అంతస్తున నున్న ముసలమ్మ అగ్ని చెలరేగిననాడు ఎట్లు దిగును? నాకు మొదట తోచు ప్రశ్న యిదే.

రైట్ 1959లో మరణించెను. 2010లో దుబాయిలో తెరువబడిన బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, అనగా అరమైలు దాటినది. నడిమి మానునకు మూడు రెక్కలు ఊతనిచ్చుచు, పైకి పోవుకొలది సన్నగిల్లు దాని రూపమును చూచువారికి పాత పటము జ్ఞాపకము రాకపోదు. అయితే దానికి తల్లివేరు లేదు. దాదాపు 50 మీటర్ల లోతునకు దింపిన అనేక కాంక్రీటు స్తంభములు దానిని మోయుచున్నవి.

సెయింట్ మార్క్స్ ఆవరణలో మాత్రము గోపురములు లేవలేదు. 1799లో ప్రతిష్ఠింపబడిన ఆ రాతి దేవాలయము 1978లో అగ్నికి ఆహుతి కాబోయి, మరల బాగుచేయబడి, నేటికిని అక్కడనే యున్నది.