దొరువు నుంచి డ్రిప్పు దాకా: నెల్లూరు తీరంలో వేసవి కూరగాయలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. నెల్లూరు తీరంలో రోళ్ళకంటే ముందు బెండాకు వడలుతుంది. మైపాడు, కోడూరు దిక్కున ఇసుక నేలల్లో మే నెలాఖరుకు పొద్దుటి పడమటి గాలి ఆకులోని తడినంతా లాగేస్తుంది. మధ్యాహ్నం దాటాక గాలి మళ్ళి, సముద్రం నుంచి ఉప్పుతేమ మోసుకొస్తుంది. ఈ రెంటి నడుమ నలిగిన మొక్కనే పురుగు వెతుక్కుంటుంది. తెగుళ్ళ చరిత్రను మందుసీసాల పేర్లతో చెప్పడం మనకు అలవాటు. ఈ తీరంలో మాత్రం దాన్ని నీళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి.

నీళ్ళంటే దొరువు. ఇసుకలో నిలువెడు లోతున, వాలుగా తవ్విన గుంట. ఇంకిన వాననీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి దాని మీద పలుచని పొరగా నిలుస్తుంది. దొరువులో ఊరేది ఆ పొరే. రెండు చేతులా రెండు కుండలతో దిగి, ముంచుకుని, గట్టెక్కి, మొక్క మొదట్లో పోసేవాళ్ళు. ఆశపడి ఎక్కువ తోడితే అడుగునుంచి ఉప్పు పైకొచ్చేది. అందుకే తోట ఎంతుండాలో కుండల లెక్కే తేల్చేది. చుట్టూ తాటిమట్టల దడి, లోపల నాలుగు వంగ మళ్ళు, ఓ మూల సొరపాదు. పెంకు పురుగులు వాలితే తెల్లవారి తడి ఆరకముందే ఆకుల మీద పొయ్యి బూడిద చల్లేవాళ్ళు. వంగ కొమ్మ తల వాల్చిందంటే లోపల పురుగు తొలుస్తున్నట్టే. గోటితో తుంచి దూరంగా పారేసేవాళ్ళు. ఇందులో గొప్ప శాస్త్రమేమీ లేదు. కాకపోతే రోజుకు రెండుసార్లు కుండ పట్టుకుని ప్రతి మొక్క దగ్గరికీ వెళ్ళే మనిషి కన్ను గప్పడం పురుగుకు కష్టం.

అచ్చు పుస్తకాల శాస్త్రం తర్వాత వచ్చింది. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ దక్షిణ భారత కీటకాల మీద రాసిన పుస్తకం 1914లో, టి.వి. రామకృష్ణ అయ్యర్ చేతిపుస్తకం 1940లో వెలువడ్డాయి. ఆ కాలపు మందులు లెడ్ ఆర్సెనేట్, పొగాకు కషాయం, చేపనూనె సబ్బు. 1924లోనే బొంబాయి ప్రాంతంలో కులకర్ణి బెండ పల్లాకు తెగులును గుర్తించి రాశాడు. ఆకు ఈనెలు పసుపు తేలి, కాయ పాలిపోయే ఆ జబ్బును తెల్లదోమ మోస్తుందని రూఢి కావడానికి మరో పాతికేళ్ళు పట్టింది.

తీరంలో అసలు మలుపు మందుతో రాలేదు, ఇంజనుతో వచ్చింది. ఇసుకలోకి గొట్టం దింపి ఫిల్టర్ పాయింట్ వేస్తే, వందల కుండల నీళ్ళు ఓ పూటలో బయటపడ్డాయి. సెంట్ల లెక్కన ఉన్న తోట ఎకరాలయింది. నీళ్ళు కాలవలో వాటంతటవే పారుతుంటే మొక్క మొక్క దగ్గరికీ ఎవరు పోతారు? కన్ను ఆకును వదిలేసింది. ఆ ఖాళీలోకి స్ప్రేయరు వచ్చి కూర్చుంది. డీడీటీ, బీహెచ్‌సీ పొడులు, ఆపైన పారాథియాన్. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దేశానికి క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది 1968లో. 1980లలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు దిగాయి. పక్కనే ప్రకాశం, గుంటూరు పత్తి చేలలో వాటిని కొట్టినకొద్దీ తెల్లదోమ పెరిగింది. దోమను తినే పురుగులు ముందు చచ్చాయి మరి. వంగాకును గీకి తినే పురుగును మనవాళ్ళు ముచ్చటగా అక్షింతల పురుగు అంటారు. దాని దాయాదే ఒకటి పేనుబంకను తిని రైతుకు మేలు చేస్తుంది. మందుకు ఆ తేడా తెలియదు.

విత్తనం మీద పెట్టుకున్న ఆశా అంతే. పల్లాకును తట్టుకుంటుందని ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన పూసా సావని బెండ కొన్నేళ్ళు నిలిచి, తర్వాత అదే తెగులుకు లొంగింది. 1980లలో పర్భణీ క్రాంతి, ఆపైన అర్క అనామిక దాని చోటుకు వచ్చాయి.

ఇక ఉప్పు. 1979 మే తుఫాను ప్రకాశం, నెల్లూరు తీరాన్ని ఊడ్చేసింది. వేసవి చివరి తుఫానుకు ఇక్కడ అదో కొండగుర్తు. అయితే తుఫాను ఉప్పును వానలు కడుగుతాయి. 1990ల రొయ్యల చెరువుల ఉప్పు ఏడాది పొడవునా పక్క పొలాల్లోకి ఊరింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువులపై తీర్పు చెప్పేనాటికే చాలాచోట్ల బావినీళ్ళ రుచి మారింది. ఉప్పు తగిలిన వేరు నీళ్ళున్నా తాగలేదు. అలా దప్పికతో వేలాడే ఆకు మీద ఎండల్లో ఎర్రనల్లి ఇట్టే పెరుగుతుంది. దానికి గంధకం కొట్టమంటారు. ఎండ మరీ ముదిరితే ఆ గంధకమే ఆకును మాడుస్తుంది.

2003 నవంబరులో రాష్ట్రం సూక్ష్మ సేద్య పథకం మొదలుపెట్టాక డ్రిప్పు పైపులు వచ్చాయి. చుక్కచుక్కగా మొక్క మొదట్లో పడే ఆ నీళ్ళు నాకు కుండనే గుర్తుచేస్తాయి. 2004 నుంచి పురుగుమందుల్లేని సాగు, 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పేరుతో వేప, ఆవుమూత్రం కషాయాలు ఊళ్ళలోకి వచ్చాయి. కషాయాల మీద నాకు చిన్నచూపు లేదు. కానీ పురుగు ముదిరాక డ్రమ్ముల కొద్దీ కొట్టేవాళ్ళను చూస్తే, సీసా మారింది గానీ అలవాటు మారలేదనిపిస్తుంది. ఆ ప్రకృతి వ్యవసాయంలోనే వానలకు ముందే, మే నెలలోనే, నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పడం ఉంది. ఎండకు, ఆవిరికి అడ్డుపడే ఆ పనికి కషాయాలకొచ్చిన పేరు రాలేదు.

మొన్న రోహిణిలో తుమ్మలపెంట దారిలో ఒక బెండతోట దగ్గర ఆగాను. ఒకావిడ పాత శుభలేఖను వెనక్కి తిప్పి, దాని మీద ఆకును తట్టింది. తెల్లటి అట్ట మీద ఎర్రటి నలుసులు కదిలాయి. కొడుకు స్ప్రేయరు తెచ్చాడు. ఆవిడ పైపు కింద అరచెయ్యి పట్టి నీళ్ళు నోట్లో పోసుకుని చూసింది.

"ఇయ్యాల తియ్యగానే ఉండాయి. మందొద్దు నాయనా, పొద్దు వాలినాక ఉత్త నీళ్ళే ఆకు అడుగున తగిలేట్టు కొట్టు."