ముట్లుడుగు వయస్సు – ఉద్యోగము

స్త్రీకి సుమారు 45, 55 సంవత్సరముల నడుమ అండాశయముల పని తగ్గి, నెలసరి ఆగిపోవును. దీనిని వాడుకలో ముట్లుడుగుట అనియు, శాస్త్ర పరిభాషలో రజోనివృత్తి అనియు అందురు. వరుసగా 12 నెలలు నెలసరి రానిచో రజోనివృత్తి జరిగినట్లు వైద్యులు లెక్కింతురు. ఇది రోగము కాదు. వయస్సుతో వచ్చు సహజమైన మార్పు. అయినను ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, అలసట పలువురిని కొన్ని సంవత్సరములు బాధించును. ఈ మార్పు మానవజాతి యంత పాతది. దీనికిని, స్త్రీ చేయు ఉద్యోగమునకును గల సంబంధమును శాస్త్రదృష్టితో పరిశీలించుట మాత్రము నిన్నమొన్నటి సంగతి.

ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ 1821లో ఈ దశకు 'మెనోపాజ్' అను పేరు పెట్టెను. గ్రీకు భాషలో 'నెల', 'ఆగుట' అను అర్థములు గల మాటలనుండి ఇది పుట్టినది. లండను వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ 1857లో దీనిపై ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ శతాబ్దపు వైద్యులు పలువురు ఈ వయస్సును గండకాలముగా భావించిరి. అందుకు కారణము లేకపోలేదు. వారు చూచినది బాధతో తమ వద్దకు వచ్చిన వారిని మాత్రమే. తమ పని తాము చేసికొనుచున్న వారు వైద్యుని గడప త్రొక్కరు గదా! రోగులను మాత్రమే లెక్కించి అందరి స్థితిని నిర్ణయించినచో ఫలితము తప్పక తప్పును.

ఈ పొరపాటు పుస్తకములలోనే ఉండిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటనులో స్త్రీలు వేలకొలదిగా కార్యాలయములలోను, కర్మాగారములలోను చేరిరి. స్త్రీ దేహధర్మమే ఆమెను బాధ్యత గల ఉద్యోగములకు తగనిదానిగా చేయుచున్నదను వాదమునకు జవాబు కావలసి వచ్చినది. ఆ దేశపు మహిళా వైద్యులు 1917లో ఒక సమాఖ్యగా ఏర్పడిరి. వారు వెయ్యిమంది స్త్రీలను ప్రశ్నించి, ఫలితములను 1933లో 'లాన్సెట్' అను వైద్య పత్రికలో ప్రకటించిరి. ఆవిర్లు వచ్చినవని చెప్పినవారు సగమునకు మించిరి. అయినను తమ దినచర్య ఒక్కసారియైనను ఆగలేదని సుమారు 900 మంది చెప్పిరి.

'ఈ వయస్సు స్త్రీ పనికిరాదు' అను మాటకు ఇది గట్టి జవాబు. కాని ఆ లెక్కలలోనే మరియొక సత్యము కలదు. పని ఆగలేదనుట వేరు, బాధ లేదనుట వేరు. మొదటిదానిని లోకము గ్రహించినది. రెండవదానిని చాలకాలము పట్టించుకొనలేదు.

బాధకు కారణమేమి? 1923లో అమెరికాలో ఎడ్గర్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ అండాశయపు హార్మోను ఉనికిని ప్రయోగములతో నిరూపించిరి. అదే ఈస్ట్రోజన్. రజోనివృత్తి కాలములో ఇది తగ్గును. మన మెదడులోని హైపోథాలమస్ అను భాగము శరీరపు వేడిని అదుపులో ఉంచును. వేడి ఒక హద్దు మించినచో చెమట పట్టును. మరియొక హద్దు దిగినచో వణుకు పుట్టును. ఆవిర్లు గల స్త్రీలలో ఈ రెండు హద్దుల నడిమి దూరము చాల ఇరుకగునని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫ్రీడ్‌మన్ ప్రయోగములు తెలిపినవి. కనుక ఇతరులు గుర్తింపని కొద్దిపాటి వేడి కూడ వీరికి ఆవిరి పుట్టించును. గాలి ఆడని గది, దళసరి యూనిఫారము వీరికి చిన్న విషయములు కావు.

2003లో బ్రిటిష్ కార్మిక సంఘముల కాంగ్రెసు 500 మంది భద్రతా ప్రతినిధులను విచారించినపుడు ఈ సంగతే బయటపడినది. పనిచోటనున్న వేడి, గాలి లేమి బాధను పెంచుచున్నవని తేలినది. 2013లో అమాండా గ్రిఫిత్స్ బృందము సుమారు 900 మంది ఉద్యోగినులను గూర్చిన పరిశీలనను ప్రకటించినది. పై అధికారి పురుషుడైనను, తమకంటె చిన్నవాడైనను చెప్పుకొనుటకు పలువురు జంకుచున్నారని అందు తెలిసినది. 2023లో బ్రిటిష్ ప్రమాణముల సంస్థ పనిచోట నెలసరి, రజోనివృత్తులకు సంబంధించిన ప్రమాణమును వెలువరించినది. 'స్త్రీ పనికి తగునా?' అను ప్రశ్న 'పనిచోటు స్త్రీకి తగునా?' అని మారుటకు సుమారు ఒక శతాబ్దము పట్టినది.

తెలుగునాట ఈ ప్రశ్న మరింత ముఖ్యము. భారత స్త్రీలలో రజోనివృత్తి సగటున 46, 47 సంవత్సరముల ప్రాంతమున వచ్చును. ఐరోపా స్త్రీలకంటె ఇది కొన్ని సంవత్సరములు ముందు. ఇక గర్భసంచి తొలగించు శస్త్రచికిత్స. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 సంవత్సరముల స్త్రీలలో దేశమున 3.2 శాతము దీనిని చేయించుకొనగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతము చేయించుకొనిరి. అండాశయములను కూడ తీసివేసినచో మార్పు క్రమముగా గాక ఒక్కసారిగా వచ్చిపడును. అటుపిమ్మట పొలములోను, బట్టల మిల్లులోను, పాఠశాలలోను వారు పనిచేయవలసిన సంవత్సరములు అనేకము.

వారికి కావలసినవి ఖరీదైనవి కావు: తిరుగు ఫంకా, తెరచిన కిటికీ, చల్లని మంచినీరు, దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, నిలబడి చేయు పనిలో కొంత విరామము. బాధ ఎక్కువైనచో వైద్యుని సలహా తీసికొనవలెను. అన్నిటికంటె ముందు, సిగ్గుపడక చెప్పుకొనగల వాతావరణము ఉండవలెను. దేహధర్మ శాస్త్రమును బోధించు పాఠశాలయే ఇందుకు మొదటి చోటు కాదగును.