పాలిమర్ మిశ్రమాలు: దశావిభజన, అంతరతల సిద్ధాంతాల వికాసం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: రెండు పాలిమర్లు సాధారణంగా ఎందుకు కలవవన్న ప్రశ్నకు 1896 నుంచి 1971 వరకు లభించిన సమాధానాల క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైఫల్యచిహ్నంగా కనిపించిన అంతరతలమే అధ్యయనకేంద్రంగా మారిన తీరును వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: పాలిమర్, ఎంట్రోపీ, దశావిభజన, అంతరతలం.

1. ఉపోద్ఘాతం

1896లో డచ్ సూక్ష్మజీవశాస్త్రవేత్త బైజరింక్ జెలటిన్, పిండిపదార్థాల జలద్రావణాలను కలిపినప్పుడు అవి ఏకద్రావణం కాక, ఒకదానిలో మరొకటి బిందువులుగా నిలవడం గమనించాడు. నాటికి బృహదణుభావన స్థిరపడలేదు. 1920లో స్టాడింజర్ దీర్ఘశృంఖల సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన తరువాతనే దీనికి అణుస్థాయి వివరణ వెదకే మార్గం ఏర్పడింది.

2. ఎంట్రోపీ పాత్ర

1941లో హగ్గిన్స్, ఫ్లోరీ వేర్వేరుగా పాలిమర్ ద్రావణాలకు జాలక నమూనాను రూపొందించారు. చిన్న అణువులు కలిసినప్పుడు అవి అమరగల విధాల సంఖ్య ఎంతో పెరుగుతుంది. ఆ ఎంట్రోపీయే కలయికకు తోడ్పడుతుంది. శృంఖలంలోని యూనిట్లు పరస్పరం బంధితాలు కనుక పాలిమర్లకు ఆ స్వేచ్ఛ స్వల్పం.

డాబ్రీ, బోయర్-కవెనోకి 1947లో ఉమ్మడి ద్రావణులలో పరీక్షించిన 35 పాలిమర్ జతలలో అత్యధికం విడిపోయాయి. 1949లో స్కాట్ జాలక నమూనాను పాలిమర్ మిశ్రమాలకు విస్తరించి హేతువు చూపాడు. సమాన పొడవుగల శృంఖలాలు అన్ని పాళ్లలోనూ కలవాలంటే, వాటి వైముఖ్యాన్ని సూచించే ‘కై’ పరామితి, 2ను యూనిట్ల సంఖ్యతో భాగించిన విలువను మించరాదు. చిన్న అణువులకు ఈ హద్దు 2. 1000 యూనిట్ల శృంఖలాలకు 0.002 మాత్రమే. పాలీస్టైరీన్, పాలీఫినిలీన్ ఆక్సైడ్ కలవడానికి వాటి మధ్యగల ప్రత్యేక ఆకర్షణ కారణం.

3. అంతరతల స్వరూపం

విడిపోయిన దశల మధ్య ఉన్నది గీతా, మందంగల పొరా? 1893లో వాన్ డర్ వాల్స్ ద్రవ-ఆవిరి సరిహద్దును సాంద్రత క్రమంగా మారే పొరగా నిరూపించాడు. 1958లో కాన్, హిలియర్డ్ సంఘటనంలోని మార్పుకూ శక్తిమూల్యం ఉంటుందన్న భావనను మిశ్రమాలకు అన్వయించారు. 1971లో హెల్ఫాండ్, తగామి దీర్ఘశృంఖలాల అంతరతలాన్ని లెక్కించారు. ‘కై’ వర్గమూలం పెరిగేకొద్దీ పొర పలుచబడుతుంది, తలతన్యత హెచ్చుతుంది. పొర పలుచనైతే శృంఖలాల పెనవేత తగ్గి, పదార్థం అక్కడే విరుగుతుంది.

4. ముగింపు

ఘటకాలు పెరిగితే సమస్య జటిలమవుతుంది: 5 పాలిమర్లకు 10 జతల పరామితులు కావాలి. కలగలిసిన ప్లాస్టిక్ వ్యర్థాలను కరిగించి పోసినంతమాత్రాన దృఢమైన వస్తువు రాకపోవడానికి మూలం ఇదే. అది యంత్రలోపం కాదు, శృంఖలదైర్ఘ్య ఫలితం. రెండు దశలకూ చెందిన ఖండాలుగల బ్లాక్ కోపాలిమర్‌ను సరిహద్దులో నిలిపి తన్యతను తగ్గించే పద్ధతి ఈ అవగాహనపైనే ఆధారపడింది. కలపడం ఎలా అన్న ప్రశ్న, సరిహద్దును దృఢపరచడం ఎలా అన్న ప్రశ్నగా మారడమే ఈ చరిత్రలోని ప్రధాన పరిణామం.